హాల్లో మొక్క ఎందుకు బతకదు? బెజవాడ, గుంటూరు ఇళ్ల వెలుతురు లెక్క

కడియం నుంచి వచ్చిన అరేకా పామ్ నర్సరీలో నిగనిగలాడుతుంది. హాల్లో సోఫా పక్కకి చేరిన నెలన్నరకి ఆకు కొసలు ఎండుతాయి, కింది మట్టలు పండుతాయి, మూడో నెలకి అది బాల్కనీ మూలకి వెళ్తుంది. ‘మా ఇంట్లో మొక్కలు బతకవండీ’ అనే మాట అక్కడ మొదలవుతుంది. కొందరు చేతి గుణం అంటారు, కొందరు వాస్తు అంటారు. అసలు కారణం చాలావరకు ఒక గొలుసు. వెలుతురు చాలని చోట మొక్క తిండి తక్కువ తయారు చేసుకుంటుంది. తిండి తగ్గితే నీళ్లు తాగడమూ తగ్గుతుంది. తాగని నీళ్లు మట్టిలో నిలిచి వేళ్లకి గాలి అందనివ్వవు. ఊపిరాడని వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేళ్లు నీళ్లు పీల్చలేవు కాబట్టి ఆకు వాడుతుంది. వాడిన ఆకుని చూసి మనం ఇంకో చెంబు పోస్తాం. మొక్కని చంపేది ఆ చెంబే అయినా, గొలుసు మొదలైంది సోఫా పక్కన పెట్టిన రోజునే.

అందుకని నర్సరీకి బయల్దేరే ముందు ఇంట్లో వెలుతురు కొలవాలి. చోటు చూసుకుని దానికి తగిన మొక్క తెచ్చుకోవాలి గానీ, నచ్చిన మొక్క తెచ్చేసి దానికి చోటు వెతకకూడదు.

వెలుతురు కొలిచే విషయంలో మన కన్ను పనికిరాదు. చీకటిగా ఉంటే కంటిపాప పెద్దదై సర్దుకుంటుంది, అందుకే గది ఎక్కడ చూసినా ‘బాగానే వెలుగుంది’ అనిపిస్తుంది. అంకెలు చూస్తే తేడా తెలుస్తుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం డాబా మీద సుమారు 1,00,000 లక్స్ (వెలుతురుకి కొలమానం) ఉంటుంది. చెట్టు నీడలో 10,000 దాకా, కిటికీకి రెండడుగుల లోపల 1,000 నుంచి 3,000 దాకా ఉంటుంది. అదే కిటికీకి పన్నెండు అడుగుల దూరంలో టీవీ పక్క మూలలో 100 కూడా ఉండకపోవచ్చు. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకుంటే ఈ లెక్క ఉజ్జాయింపుగా తెలుస్తుంది. అది లేకపోయినా ఒక తెల్ల కాగితం చాలు. పొద్దున పదీ పదకొండు మధ్య మొక్క పెట్టాలనుకున్న చోట కాగితం పరిచి, దానికి అడుగు ఎత్తులో అరచెయ్యి పెట్టండి. వేళ్లు విడివిడిగా నీడ పడితే వెలుతురు బాగా ఉన్నట్టు. అంచులు చెదిరిన మసక నీడ పడితే మధ్యస్థం. నీడ జాడే తెలియకపోతే అక్కడ ఏ మొక్కా పెరగదు, కొన్ని మాత్రం కొంతకాలం ఓర్చుకుంటాయి. ఆకుపచ్చగా ఉన్నంత మాత్రాన అది పెరుగుతున్నట్టు కాదు. జీజీ ప్లాంట్ దుంపలో, స్నేక్ ప్లాంట్ దళసరి ఆకులో దాచుకున్న నిల్వ మీద ఆరేడు నెలలు నెట్టుకొస్తాయి.

దిక్కుల గురించి విదేశీ పుస్తకాల్లో, వీడియోల్లో చెప్పేది ఇక్కడ యథాతథంగా పనికిరాదు. అక్కడి చలిదేశాల్లో మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణానే ఉంటాడు కాబట్టి ఉత్తరపు కిటికీ అంటే వాళ్లకి చీకటి కిటికీ. బెజవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, గుంటూరూ ఇంచుమించు అంతే. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు. ఆ మూడు నెలలూ ఉత్తరపు కిటికీలోకి పొద్దున్నే, మళ్లీ సాయంత్రం ఏటవాలు ఎండ పడుతుంది. దక్షిణపు కిటికీ అప్పుడు నీడలో ఉంటుంది. డిసెంబరుకి ఇది తిరగబడుతుంది. మధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల ఎత్తుకి దిగి, పైన సన్‌షేడ్ లేకపోతే దక్షిణపు కిటికీలోంచి నాలుగైదు అడుగుల లోపలికి ఎండ పంపిస్తాడు. కాబట్టి కుండీకి ఏడాదంతా ఒకే చోటు అనుకోకుండా, ఉగాది దాటాక ఒకసారి, దసరా దాటాక ఒకసారి నీడ పరీక్ష మళ్లీ చేసి జరుపుకోవాలి. తూర్పు కిటికీ అన్నిటికంటే మేలు, తొమ్మిదింటి లోపు ఎండ ఏ ఆకునీ మాడ్చదు. పడమటి కిటికీతోనే జాగ్రత్త. ఏప్రిల్, మే నెలల్లో మూడు నుంచి ఆరింటి దాకా వచ్చే ఎండకి గాజు, ఇనుప గ్రిల్ కాలిపోతుంటాయి, వాటికి తగిలిన ఆకు మీద గోధుమరంగు మచ్చలు పడతాయి. అక్కడ పల్చటి తెల్ల నూలు తెర కడితే చాలు, మంగళగిరి నేత గుడ్డ ఇందుకు బాగా పనికొస్తుంది. ఎండ తీవ్రత పోయి వెలుతురు మిగులుతుంది. కుండీ మాత్రం గాజుకి అడుగు దూరంలో ఉండాలి.

బెజవాడ పటమట, గుంటూరు బ్రాడీపేట లాంటి చోట్ల అసలు సమస్య దిక్కు కాదు, పక్క బిల్డింగు. రెండు అపార్ట్‌మెంట్ల మధ్య సందులోకి తెరుచుకునే కిటికీ తూర్పుదైనా లాభం లేదు. దానికి తోడు నల్ల దోమల మెష్, రంగు అద్దం ఉంటే మిగిలిన వెలుతురూ సగానికి పడుతుంది. మెష్‌ని రెండు నెలలకోసారి కడిగితే వచ్చే తేడా నీడ పరీక్షలోనే కనిపిస్తుంది.

ఏ చోటుకి ఏది

మసక నీడ పడే చోటుకి మనీ ప్లాంట్, అగ్లోనీమా, సింగోనియం, పీస్ లిల్లీ, ఆకుపచ్చ డ్రసీనా సరిపోతాయి. నీడ స్పష్టంగా పడే కిటికీ దగ్గరికి అరేకా పామ్, రబ్బర్ ప్లాంట్, స్పైడర్ ప్లాంట్, రంగుల ఆకుల రకాలు. ఆకులో తెలుపు, పసుపు చారలు ఎక్కువైన కొద్దీ పత్రహరితం తగ్గుతుంది, అంత ఎక్కువ వెలుతురు కావాలి. చీకటి మూలలో పెట్టిన మార్బుల్ మనీ ప్లాంట్ కొత్త ఆకులు పచ్చగా మారిపోవడానికి కారణం అదే. ఫిడిల్ లీఫ్, కలాథియా ఫొటోల్లో ఎంత బాగున్నా మొదటి మొక్కలుగా వద్దు. కలాథియా ఆకు అంచులు మన బోరు నీళ్లకీ, ఏసీ గాలికీ తట్టుకోవు.

నీడే పడని చోట మొక్క ఉండి తీరాలంటే రెండు దారులు. ఒకటి, 20 వాట్ల తెల్ల ఎల్ఈడీ ట్యూబ్‌ని మొక్క పైభాగానికి అడుగు ఎత్తులో బిగించి రోజుకి 12 గంటలు వెలిగించడం. నెలకి 7 యూనిట్ల కరెంటు అవుతుంది. ఖరీదైన ఊదారంగు గ్రో లైటు అక్కర్లేదు, తెల్లటిదే కంటికీ బాగుంటుంది. రెండోది, ఒకే రకం మొక్కలు రెండు జతలు తెచ్చుకోవడం. ఒక జత హాల్లో ఉన్నప్పుడు రెండోది బాల్కనీ నీడలో తేరుకుంటుంది. రెండు వారాలకోసారి మార్చాలి. పెళ్లి మండపాలకి, ఆఫీసులకి మొక్కలు అద్దెకిచ్చేవాళ్లు చేసేది ఇదే. మార్చేటప్పుడు లోపలి మొక్కని నేరుగా ఎండలో పెడితే ఒక్క పూటలో ఆకులు తెల్లగా మాడతాయి, నీడలోనే ఉంచాలి.

తులసి గురించి ఒక మాట. అది ఇంటి మొక్కే గానీ ఇంట్లోపలి మొక్క కాదు. రోజుకి నాలుగైదు గంటల ఎండ పడని చోట పూజగదిలో ఎంత శ్రద్ధగా పెంచినా సన్నబడి పోతుంది.

మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయనే మాట వెనక కథ ఉంది. 1989లో నాసాలో బిల్ వోల్వర్టన్ బృందం గాలి చొరబడని చిన్న పెట్టెల్లో మొక్కలు పెట్టి, బెంజీన్ లాంటి ఆవిర్లు తగ్గడం చూపించింది. ఆ ప్రయోగం నిజమే, కానీ మన ఇల్లు మూసిన పెట్టె కాదు. 2019లో డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు పాత ప్రయోగాలన్నీ లెక్కకట్టి, కిటికీలూ తలుపు సందులూ చేసేంత పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1,000 మొక్కలు కావాలని తేల్చారు. స్నేక్ ప్లాంట్ రాత్రి ఆక్సిజన్ ఇస్తుందని పడగ్గది నిండా పేర్చనక్కర్లేదు. రాత్రి మొక్కలు బొగ్గుపులుసు వాయువు వదులుతాయని భయపడనూ అక్కర్లేదు, పక్కన పడుకున్న మనిషి వదిలేదాంతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. మొక్కని పచ్చదనం కోసం, కంటికి హాయి కోసం పెట్టుకోండి, ఆ కారణం చాలు.

మట్టి, నీళ్లు

ఎక్కువ మొక్కలు పోయేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చూద్దాం.

కడియం వైపు నుంచి నల్ల కవర్లలో వచ్చే మొక్కల వేళ్ల చుట్టూ సాధారణంగా బిగుతైన బంకమట్టి గడ్డ ఉంటుంది. దూరం ప్రయాణించేటప్పుడు వేళ్లు కదలకుండా అది కాపాడుతుంది. ఇంటికి తెచ్చి ఆ గడ్డని అలాగే కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) మధ్యలో పాతితే, పోసిన నీళ్లు చుట్టూ ఉన్న తేలిక మట్టిలోంచి జారిపోతాయి, గడ్డ లోపల పొడిగానే ఉంటుంది. ఒకసారి ఎలాగో తడిసిందంటే మళ్లీ పది రోజులు ఆరదు. రెండు విధాలా వేరుకే నష్టం. అందుకని కుండీ మార్చే ముందు గడ్డని గంటసేపు బకెట్ నీళ్లలో నానబెట్టి, చేతివేళ్లతో మెల్లగా నలుపుతూ చుట్టూ మూడో వంతు మట్టి రాలనివ్వాలి. తెల్లటి సన్నవేళ్లు బయటికి కనిపించేంత వరకు చాలు, పూర్తిగా కడగొద్దు. ఇదీ తెచ్చిన రోజే చేయకూడదు. నర్సరీ షేడ్ నెట్ కింద నుంచి ఇంటి వెలుతురుకి అలవాటు పడటానికి కవర్లోనే రెండు మూడు వారాలు ఉంచాలి. ఆ రోజుల్లో నాలుగు ఆకులు రాలితే కంగారు పడొద్దు.

మట్టి మిశ్రమం కొలతలు ఇవి, ఏ డబ్బాతో కొలిచినా సరే: కడిగిన కోకోపీట్ నాలుగు పాళ్లు, వర్మీకంపోస్ట్ రెండు, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) లేదా మాడ్చిన ఊక రెండు, ఎర్రమట్టి రెండు. స్నేక్ ప్లాంట్, జీజీలకైతే సగం గరుకు ఇసుక ఉండాలి. ఇసుకని జల్లెడ పట్టి కింద రాలిన సన్నది పారేసి, పైన మిగిలిన గరుకుది వాడాలి, సన్న ఇసుక బిగుసుకుపోతుంది. గుంటూరు చుట్టుపక్కల దొరికే నల్లరేగడి పొలానికి బంగారమే గానీ కుండీలోకి వద్దు. తడిస్తే ఉబ్బి గాలి సందులు మూస్తుంది, ఆరితే ముడుచుకుని కుండీ గోడకీ మట్టికీ మధ్య చీలిక వదిలి నీళ్లన్నీ అందులోంచి పంపేస్తుంది. కోకోపీట్ ఇటుకలో ఉప్పు ఉంటుంది, నానబెట్టి రెండుసార్లు పిండి పారబోశాకే వాడాలి.

కుండీ అడుగున పెంకులు, గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా దిగుతాయన్నది తరాల నమ్మకం. జరిగేది దానికి విరుద్ధం. అంట్లు తోమే స్పాంజిని తడిపి పళ్లెం పైన అడ్డంగా పట్టుకోండి, కాసేపటికి కారడం ఆగుతుంది. దాన్నే నిలువుగా తిప్పండి, మళ్లీ కారుతుంది. సన్నటి సందుల్లో కొంత ఎత్తు దాకా నీరు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది, మట్టిలోనూ అంతే. కింద రాళ్లు పరిస్తే ఆ తడి పొర రాళ్ల పైకి, అంటే వేళ్లకి ఇంకా దగ్గరికి వస్తుంది. చిల్లు మీద ఒక పెంకు, లేదా ముక్క మెష్ వేస్తే చాలు, మిగతా అంతా మట్టి మిశ్రమమే నింపాలి. వెడల్పు తొట్టి కంటే అంతే మట్టి పట్టే పొడుగు కుండీ మేలు. అలాగే పాత కుండీ కంటే రెండంగుళాలు మించి పెద్దది తీసుకోవద్దు, వేళ్లు చేరని మట్టి ఆరకుండా పులిసిపోతుంది.

నీళ్లకి తేదీలు, వారాలు పెట్టుకోవద్దు. కోకోపీట్ పైన ఎండినట్టు లేతరంగులో కనిపిస్తూ లోపల తడిగా ఉంటుంది, అందుకే చూపుడువేలు రెండు కణుపులు దించి చూడాలి. ఇంకా మంచి పద్ధతి బరువు. నీళ్లు పోసిన వెంటనే ఒకసారి, నాలుగు రోజులకి ఒకసారి కుండీ ఎత్తి చూస్తే వారంలో చేతికే లెక్క వస్తుంది. పోసేటప్పుడు చిల్లులోంచి కారేదాకా పోయాలి, ఆరంగుళాల కుండీకి 300 నుంచి 400 మిల్లీలీటర్లు పడుతుంది. అరగంట తర్వాత పళ్లెంలో మిగిలింది పారబోయాలి. రోజూ అరగ్లాసు చొప్పున పోస్తే పైన రెండంగుళాలే తడిసి కిందివేళ్లు ఎండుతాయి. హాల్లో మనీ ప్లాంట్‌కి వానాకాలం ఎనిమిది పది రోజులకోసారి, ఎండాకాలం నాలుగైదు రోజులకోసారి అవసరం పడొచ్చు. జీజీకి నెలకి రెండుసార్లు చాలు.

ఆకు కొసలు మాత్రమే గోధుమరంగులోకి మారి, మట్టి మీద, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే బోరు నీళ్లలోని ఉప్పు అనుకోవాలి. ఆర్వో యంత్రం వదిలేసే నీళ్లు మొక్కలకి పోయడం పొదుపు అనిపిస్తుంది గానీ అందులో ఉప్పు ఇంకా చిక్కగా ఉంటుంది, నేల తుడవడానికి వాడుకోండి. ఏసీ పైపులోంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు. బకెట్‌లో పట్టి కలాథియా, పీస్ లిల్లీలకి పోయొచ్చు. అందులో పోషకాలు కూడా ఉండవు కాబట్టి ఎరువు మానొద్దు. రెండు నెలలకోసారి కుండీని బాత్రూంలో పెట్టి ఐదారు లీటర్లు నెమ్మదిగా పోసి ఉప్పు కడిగేయాలి. బియ్యం కడిగిన నీళ్లు లోపలి కుండీల్లో పోస్తే పిండి పులిసి వాసన వస్తుంది, నల్లటి చిన్న ఈగలు చేరతాయి. వాటిని పెరటి మొక్కలకి వదిలేయండి.

ఎరువుల కొట్లో దొరికే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే ఎరువు) లీటరు నీళ్లకి ఒక గ్రాము కలిపి, తడి మట్టిలో నెలకోసారి పోస్తే సరిపోతుంది. మే నెలలో ఎరువు వద్దు, కుండీ మార్పూ వద్దు. 42, 43 డిగ్రీల్లో ఈ మొక్కలు పెరుగుదల ఆపి ప్రాణం నిలుపుకుంటాయి. తొలకరి పడి గాలిలో తేమ వచ్చాక జూన్ చివర నుంచి కుండీలు మార్చుకోవాలి. ఏసీ గాలి సూటిగా తగిలే చోట, బాల్కనీలో ఔట్‌డోర్ యూనిట్ వేడిగాలి ఊదే చోట ఏదీ పెట్టొద్దు. ఆకుల మీద నీళ్లు చిమ్మితే తేమ పెరుగుతుందంటారు గానీ పది నిమిషాల్లో ఆరిపోతుంది. ఆ సమయంలో తడిగుడ్డతో ఆకు తుడవండి, దుమ్ము పోతే వెలుతురు నిజంగానే పెరుగుతుంది.

అమరిక

పది చిన్న కుండీలు పది చోట్ల పెడితే గది చిందరవందరగా కనిపిస్తుంది. కిటికీ పక్క మూలలో నాలుగున్నర అడుగుల రబ్బర్ ప్లాంట్ ఒకటి, దాని ముందు తొమ్మిది అంగుళాల స్టాండ్ మీద నిటారుగా లేచే స్నేక్ ప్లాంట్, కింద వెడల్పాటి ఆకుల అగ్లోనీమా పెడితే ఎత్తులూ ఆకు ఆకారాలూ వేరువేరై కలిసి ఒక్కటిగా కనిపిస్తాయి. నీళ్లు పోయడమూ ఒకేచోట అవుతుంది. మనీ ప్లాంట్ వేలాడితే ఆకు చిన్నదవుతుంది. అదే కొబ్బరిపీచు చుట్టిన కర్ర ఎక్కించి పీచు తడిగా ఉంచితే గణుపు వేళ్లు పట్టుకుని ఆకు అరచేతి కంటే పెద్దదవుతుంది. తీగ పల్చబడి బోడిగా అయితే గణుపు కింద కత్తిరించి అదే కుండీలో నాలుగైదు ముక్కలు గుచ్చాలి.

అటక మీది ఇత్తడి గంగాళం, బిందె ఉంటే వాటికంటే అందమైన కుండీ బయట దొరకదు. చిల్లు పొడవొద్దు, మట్టి నింపొద్దు. మొక్కని చిల్లులున్న ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి, గంగాళం అడుగున బోర్లించిన గిన్నె మీద నిలబెట్టాలి. నీళ్లు బయట పోసి, కారడం ఆగాక లోపల పెట్టాలి. లేకపోతే అడుగున నీళ్లు చేరి వేరు కుళ్లుతుంది, ఇత్తడికి చిలుం పడుతుంది. కొండపల్లి బొమ్మలు మొక్కల మధ్య చూడముచ్చటగా ఉంటాయి గానీ తెల్లపొణికి కర్ర తేమ పీల్చుకుంటుంది, రంగు పొక్కుతుంది. వేలాడే కుండీ కింద కాకుండా అడుగున్నర దూరంలో పెట్టండి. ప్లైవుడ్ టీవీ యూనిట్ మీద పళ్లెం లేని కుండీ పెడితే మూడు నెలల్లో లామినేట్ ఉబ్బుతుంది.

పాకే పిల్లలున్న ఇంట్లో మనీ ప్లాంట్, డైఫెన్‌బాకియా, అగ్లోనీమా, పీస్ లిల్లీ చేతికందకూడదు. వీటి ఆకులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, నమిలితే నోరు, గొంతు మండి వాస్తాయి. నోరు కడిగి, చల్లటి నీళ్లు తాగించి, డాక్టరుకి చూపించాలి. అరేకా పామ్, స్పైడర్ ప్లాంట్లతో ఆ భయం లేదు.

కుండీ పళ్లేల్లో, సీసాలో పెంచే మనీ ప్లాంట్, లక్కీ బాంబూ నీళ్లలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు, అందుకే ప్రతి శుక్రవారం, దోమలు పెరగకుండా నిల్వ నీళ్లు పారబోసే డ్రై డే రోజున వీటి నీళ్లు మార్చి లోపలి గోడ రుద్ది కడగాలి, గుడ్లు అంటుకుని ఉండేది అక్కడే.

పురుగుల్లో పిండినల్లి ఆకు తొడిమల దగ్గర తెల్ల దూదిలా కనిపిస్తుంది. ఎర్రనల్లి ఏసీ గదుల్లో వస్తుంది, ఆకు మీద సన్నటి చుక్కలు, వెనక సాలెగూడు లాంటి బూజు కనిపిస్తాయి. 2021లో గుంటూరు మిరప తోటల్ని దెబ్బతీసిన నల్ల తామర పురుగు అలంకరణ మొక్కలకీ పడుతుంది, లేత చిగురు వంకర్లు తిరిగితే అనుమానించాలి. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, 2 మిల్లీలీటర్ల గిన్నెల సబ్బు ద్రవం కలిపి, సాయంత్రం పూట ఆకు వెనకవైపు తడిసేలా కొట్టాలి. ఒక్కసారితో గుడ్లు పోవు, ఐదు రోజుల తేడాతో మూడుసార్లు చేయాలి. కొత్తగా తెచ్చిన ఏ మొక్కనైనా పాతవాటికి దూరంగా రెండు వారాలు ఉంచి, ఆకు వెనక చూసి, అప్పుడే హాల్లోకి తీసుకురండి.